వీపీఎన్ కొనే ముందు: ఎవరి కళ్లు తప్పించాలో తేల్చుకోండి

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా పిన్ని తన ఫోన్ నా చేతిలో పెట్టి, "బ్యాంకు యాప్ తెరుచుకోవడం లేదు, ఒకసారి చూడరా" అంది. చూస్తే అందులో మూడు వీపీఎన్ యాప్‌లు (మన ఇంటర్నెట్ రాకపోకలను ఇంకో కంపెనీ సర్వర్ గుండా పంపేవి) ఉన్నాయి. మూడూ ఉచితమైనవే, ఒకటి ఆన్‌లో ఉంది. ఏదో వీడియో చూస్తుంటే మధ్యలో ప్రకటన వచ్చిందట, మీ ఫోన్ ప్రమాదంలో ఉంది, వెంటనే ఇది వేసుకోండి అని. "ఇవి ఉంటే దొంగలు మన డబ్బు కాజేయలేరు కదా?" అని అడిగింది. నాకు బాధేసింది. కష్టపడి దాచుకున్న డబ్బు పోకూడదనే వేసుకుంది పాపం. తీరా చూస్తే ఆమె ఫోన్ నుంచి బయటికి వెళ్లేదంతా ముక్కూమొహం తెలియని ఎవరిదో కంపెనీ గుండా వెళ్తోంది.

ఆ రోజు పిన్నికి చెప్పిందే ఇక్కడ కొంచెం విడమరిచి రాస్తున్నాను. ఏ వీపీఎన్ మంచిది అని అందరూ అడుగుతారు. దానికి ఒక్క పేరుతో జవాబు చెప్పలేను. మీరు ఎవరి కళ్లు తప్పించాలనుకుంటున్నారో తేలితే, ఏది కావాలో, అసలు కావాలో వద్దో కూడా తేలిపోతుంది.

అసలు లోపల జరిగేదేమిటి

హైదరాబాద్ నుంచి ఖమ్మానికి ఆర్టీసీ కార్గోలో ఒక పెట్టె పంపుతున్నారనుకోండి. పెట్టెకు చుట్టూ టేపు వేశారు. లోపల ఏముందో కౌంటర్‌లో వాళ్లకు తెలియదు. కానీ ఎవరు పంపారో, ఎవరికి వెళ్తోందో, బరువెంతో తెలుసు. అడ్రసు ముందు హెచ్‌టీటీపీఎస్ అని ఉండే వెబ్‌సైట్లన్నీ ఇలా టేపు వేసిన పెట్టెలే. మీ పాస్‌వర్డు, మీరు చదివిన పేజీ, మీరు కట్టిన బిల్లు ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకి కనిపించవు. మీరు ఏ సైటుకు వెళ్లారన్నది మాత్రం కనిపిస్తుంది. ఎందుకంటే సైటు పేరును అంకెల అడ్రసుగా మార్చే డీఎన్‌ఎస్ ప్రశ్న మామూలుగా తెరిచిన కార్డులాగే వెళ్తుంది. దాన్ని దాచినా, కనెక్షన్ మొదలయ్యేటప్పుడు సైటు పేరు ఇంకోసారి బయటపడుతుంది. జియో ఈ రెండో చోట పేరు చూసి సైట్లను ఆపుతోందని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ పరిశోధకులు 2019లో బయటపెట్టారు.

వీపీఎన్ చేసేదల్లా ఆ పెట్టెను ఇంకో పెద్ద పెట్టెలో పెట్టి, వరంగల్‌లో ఉన్న ఒకాయన పేరు మీద పంపడం. ఆయన పై పెట్టె విప్పి, లోపలి పెట్టెను తన పేరుతో ఖమ్మానికి పంపుతాడు. ఇప్పుడు హైదరాబాద్ కౌంటర్‌లో వాళ్లకు వరంగల్ దాకానే తెలుసు. ఖమ్మంలో అందుకున్నవాళ్లకు అది వరంగల్ నుంచి వచ్చినట్టే ఉంటుంది. ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తోందో పూర్తిగా తెలిసింది వరంగల్ ఆయన ఒక్కడికే.

అంటే వీపీఎన్ వేసుకున్నంత మాత్రాన మనల్ని చూసేవాళ్లు లేకుండా పోరు. ఇదివరకు జియోనో ఎయిర్‌టెలో చూసేది, ఇప్పుడు వీపీఎన్ కంపెనీ చూస్తుంది. కాబట్టి కింద నేను పోల్చేవన్నీ ఒకే కొలతతో పోలుస్తాను: ఆ వరంగల్ ఆయన ఎవరు, ఆయన్ను ఎందుకు నమ్మాలి?

ఇక్కడే పిన్ని ప్రశ్నకు కూడా జవాబు ఉంది. వాట్సాప్‌లో పెళ్లి పత్రిక పేరుతో వచ్చి, నొక్కితే దొంగ యాప్‌ను ఫోన్‌లో వేసే ఏపీకే ఫైలు, పోలీసులమంటూ వీడియో కాల్ చేసి బెదిరించే డిజిటల్ అరెస్టు మోసం, ఓటీపీ చెప్పించుకునే ఫోన్లు, వీటిలో ఏ ఒక్కదాన్నీ వీపీఎన్ ఆపలేదు. దొంగ రోడ్డు మీద కాపు కాయడం లేదు, నేరుగా మన ఇంటి తలుపే తడుతున్నాడు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు చేతులు మారకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ. అలాగే గూగుల్‌లోనో ఫేస్‌బుక్‌లోనో లాగిన్ అయి ఉండగా వీపీఎన్ వేసుకుంటే, మీరెవరో వాళ్లకు తెలియకుండా ఏమీ పోదు.

మొదటి దారి: ఏమీ కొనకపోవడం

ఇంట్లో బ్రాడ్‌బ్యాండో మొబైల్ డేటానో వాడుకుంటూ, బ్యాంకు, యూపీఐ, యూట్యూబ్, వార్తలు చూసుకునేవాళ్లకు వీపీఎన్ అవసరం లేదన్నది నా అభిప్రాయం. విదేశీ సర్వర్ నుంచి వస్తున్నట్టు కనిపిస్తే బ్యాంకు యాప్‌లు చాలాసార్లు అనుమానపడి ఆపేస్తాయి కూడా. పిన్ని ఫోన్‌లో జరిగింది అదే.

వీళ్లు చేయదగ్గ చిన్న పని ఒకటుంది. ఆండ్రాయిడ్ 9 నుంచి సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్ అని ఒక ఆప్షన్ ఉంది. అందులో 'డీఎన్‌ఎస్ డాట్ గూగుల్' అని ఇంగ్లిషులో (dns.google) టైపు చేస్తే చాలు, ఆ డీఎన్‌ఎస్ ప్రశ్నలు కూడా టేపు వేసిన పెట్టెలో వెళ్తాయి. గూగుల్ వద్దనుకుంటే క్లౌడ్‌ఫ్లేర్, క్వాడ్9 కూడా ఈ సేవ ఉచితంగా ఇస్తున్నాయి. క్వాడ్9 అయితే మోసపు సైట్లుగా తెలిసిన పేర్లకు జవాబే ఇవ్వదు. పెద్దవాళ్ల ఫోన్లకు నేను దాన్నే పెడతాను. కనెక్షన్ మొదట్లో సైటు పేరు బయటపడే సమస్య దీనితో పూర్తిగా తీరదు. అయినా పైసా ఖర్చు లేదు, ఫోన్ నెమ్మదించదు.

రైల్వే స్టేషన్ వైఫై సంగతేమిటి అంటారా? విజయవాడలోనో సికింద్రాబాద్‌లోనో రైలు కోసం చూస్తూ వాడే ఉచిత వైఫైలో, పక్కవాడు మీ పాస్‌వర్డు చదివేస్తాడన్న భయం పదిహేనేళ్ల కిందట నిజం. అప్పట్లో పెద్ద పెద్ద సైట్లు కూడా లాగిన్ పేజీ దాటాక టేపు వేసేవి కావు. ఇప్పుడు దాదాపు అన్నీ హెచ్‌టీటీపీఎస్ మీదే నడుస్తున్నాయి. వీపీఎన్ ప్రకటనలు మాత్రం ఇంకా ఆ పాత భయాన్నే అమ్ముతున్నాయి. బ్రౌజర్ 'ఈ కనెక్షన్ సురక్షితం కాదు' అని హెచ్చరిస్తే ముందుకు వెళ్లకండి. డబ్బు పని ఉంటే ఆ రెండు నిమిషాలు మొబైల్ డేటా వాడండి.

ఉచిత యాప్‌లు

సర్వర్లకు అద్దె ఉంటుంది, డేటాకు ఖర్చు ఉంటుంది. మీ దగ్గర తీసుకోకపోతే ఇంకెక్కడో తీసుకోవాలి. ఎక్కడ తీసుకున్నారో చెప్పే ఉదంతాలు చాలానే ఉన్నాయి. హోలా అనే ఉచిత వీపీఎన్ తన వాడుకదారుల ఇంటి కనెక్షన్లనే వేరే వాళ్లకు అమ్ముతోందని 2015లో బయటపడింది. అంటే ఎవరో చేసిన పని మీ ఐపీ అడ్రసు (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్‌ను గుర్తించే అంకెల అడ్రసు) మీద నమోదవుతుంది. ఫేస్‌బుక్ 2013లో ఒనావో అనే కంపెనీని కొని, రక్షణ పేరుతో దాని వీపీఎన్ యాప్‌ను జనానికి ఇచ్చింది. జనం ఏయే యాప్‌లు ఎంతసేపు వాడుతున్నారో దాని ద్వారా గమనించింది. 2018లో ఆ యాప్ ఆపిల్ స్టోర్ నుంచి పోయింది. 2020లో హాంకాంగ్‌కు చెందిన ఏడు ఉచిత వీపీఎన్‌ల సర్వర్ ఒకటి తాళం లేకుండా దొరికింది. మేం ఏ రికార్డూ దాచము అని చెప్పుకున్న ఆ యాప్‌ల దగ్గర ఒక టెరాబైటుకు మించిన రికార్డులు ఉన్నాయి.

ఆస్ట్రేలియాలోని సీఎస్ఐఆర్ఓ పరిశోధకులు, మరికొందరితో కలిసి, 2016లో 283 ఆండ్రాయిడ్ వీపీఎన్ యాప్‌లను పరీక్షించారు. వాటిలో 18 శాతం అసలు ఎన్‌క్రిప్షనే (మధ్యలో ఎవరూ చదవలేకుండా డేటాను మార్చడం) చేయడం లేదు. మన ఉపమానంలో చెప్పాలంటే, పెద్ద పెట్టె అని చెప్పి బయట రిబ్బను కట్టారంతే.

ఉచితంగానే కావాలంటే నేను ధైర్యంగా చెప్పగలిగే పేరు ప్రోటాన్ వీపీఎన్ ఒక్కటే. స్విట్జర్లాండ్ కంపెనీ. డబ్బు కట్టేవాళ్ల మీద బతుకుతూ ఉచిత ప్లాన్ నడుపుతోంది, అందులో డేటాకు పరిమితి లేదు. ఏ దేశం సర్వరో మీరు ఎంచుకోలేరు, రద్దీ వేళల్లో నెమ్మదిస్తుంది. నెలలో నాలుగైదు సార్లు హోటల్ వైఫై వాడేవాళ్లకు అది చాలు.

డబ్బు కట్టే సేవలు, 2022 నాటి నిబంధన

మన దేశంలో కొనేవాళ్లు ముందు తెలుసుకోవాల్సిన సంగతి ఇది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ కొన్ని ఆదేశాలు ఇచ్చింది. వీపీఎన్ సేవ ఇచ్చేవాళ్లు తమ ఖాతాదారుల పేరు, చిరునామా, ఫోన్ నంబరు, కేటాయించిన ఐపీ అడ్రసులు, ఎందుకు తీసుకున్నారన్న వివరం, ఇవన్నీ 5 ఏళ్ల పాటు దాచాలి. రికార్డులు దాచము అన్న మాట మీదే వ్యాపారం చేసే కంపెనీలకు ఇది మింగుడుపడలేదు. ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, నార్డ్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్, ప్రోటాన్ ఆ ఏడాదే భారత్‌లోని తమ సర్వర్లను ఎత్తేశాయి. అప్పటి నుంచి ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్‌లో 'ఇండియా' అని ఎంచుకుంటే సింగపూర్‌లోనో బ్రిటన్‌లోనో ఉన్న సర్వర్ మీకు భారతీయ ఐపీ ఇస్తూ వచ్చింది. డేటా సముద్రం దాటి వెళ్లి మళ్లీ వస్తుంది కాబట్టి ఆ ఆలస్యం వీడియో కాల్‌లో తెలుస్తుంది.

మనలాంటి మామూలు వాడుకదారు వీపీఎన్ వాడటాన్ని ఈ ఆదేశాలు నేరం చేయలేదు. ఉద్యోగుల కోసం కంపెనీలు నడుపుకునే వీపీఎన్‌లకు ఈ రికార్డుల నిబంధన వర్తించదని సెర్ట్-ఇన్ తర్వాత వివరణ ఇచ్చింది. జమ్మూ కాశ్మీర్‌లో మాత్రం కొన్ని జిల్లాల్లో అధికారులు అప్పుడప్పుడు వీపీఎన్ వాడకాన్నే నిషేధిస్తుంటారు. అటు ప్రయాణమైతే ముందు కనుక్కోండి.

ఇక ఏ కంపెనీ? వెబ్‌సైటులో 'నో లాగ్స్', అంటే రికార్డులు దాచము అని అందరూ రాసుకుంటారు. ఆ మాటకు నేనిచ్చే విలువ తక్కువ. పోలీసులు వచ్చి తలుపు తట్టిన రోజు ఏం జరిగిందన్నదే నేను చూస్తాను. 2023 ఏప్రిల్‌లో స్వీడన్ పోలీసులు వారెంటుతో గోథెన్‌బర్గ్‌లోని ముల్వాడ్ అనే వీపీఎన్ కంపెనీ ఆఫీసుకు వెళ్లారు. ఖాతాదారుల డేటా అంటూ ఏదీ లేదని వివరించాక ఏమీ తీసుకోకుండానే వెళ్లిపోయారు. ప్రైవేట్ ఇంటర్నెట్ యాక్సెస్ అనే ఇంకో వీపీఎన్ కంపెనీని 2016లో అమెరికాలో ఒక కేసులో ఎఫ్‌బీఐ అడిగినప్పుడు ఇవ్వడానికి పనికొచ్చే వివరమే లేకపోయింది. దీనికి పూర్తిగా భిన్నంగా, 2017లో ఒక వేధింపుల కేసులో ప్యూర్‌వీపీఎన్ రికార్డులు నిందితుణ్ని పట్టించాయి. వేధించినవాడు దొరకడం మంచిదే, అందులో రెండో మాట లేదు. కానీ రికార్డులు ఉండవని చెప్పిన చోట అవి ఉన్నాయని కూడా ఆ కేసుతోనే తెలిసింది. నార్డ్‌వీపీఎన్ అద్దెకు తీసుకున్న ఫిన్లాండ్ సర్వర్‌లోకి 2018లో ఎవరో చొరబడితే, కంపెనీ ఆ సంగతి 2019 అక్టోబరులో గానీ బయటికి చెప్పలేదు. తర్వాత డిస్కులు లేని సర్వర్లకు మారింది. ఆపితే అందులోది అంతా చెరిగిపోతుంది. మార్పు మంచిదే, ఆలస్యంగా చెప్పడం మాత్రం నాకు నచ్చలేదు.

యజమాని ఎవరో కూడా చూడండి. సైబర్‌ఘోస్ట్, ప్రైవేట్ ఇంటర్నెట్ యాక్సెస్, ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్ మూడూ వేర్వేరు దుకాణాల్లా కనిపిస్తాయి. 2017 నుంచి 2021 మధ్య మూడింటినీ కేప్ టెక్నాలజీస్ అనే ఒకే కంపెనీ కొనేసింది. అంతటితో ఆగకుండా, 2021లోనే వీపీఎన్‌మెంటార్ లాంటి రివ్యూ సైట్లు నడిపే సంస్థను కూడా కొంది. అంటే 'ఈ ఏడాది టాప్ 10 వీపీఎన్‌లు' అని మీరు చదివే పేజీ, అందులో మొదట ఉండే సరుకు, రెండూ ఒకరివే కావచ్చు. నార్డ్, సర్ఫ్‌షార్క్ కూడా 2022లో ఒకే గొడుగు కిందికి చేరాయి. యూట్యూబ్‌లో డిస్కౌంట్ కోడ్ చెప్పి పొగిడే వీడియోలను చూసి అసలు కొనకండి. ఆ కోడ్ వాడితే వాళ్లకు కమిషన్ వెళ్తుంది.

నన్ను ఎంచుకోమంటే, గోప్యతే ముఖ్యమైనవాళ్లకు ముల్వాడ్ అంటాను. ఈమెయిల్ కూడా అడగదు, ఒక ఖాతా నంబరు ఇస్తుందంతే. కవరులో నగదు పెట్టి పోస్టులో పంపినా తీసుకుంటుంది. నెలకు 5 యూరోలు, అంటే సుమారు 500 రూపాయలు. ఒక నెలకు కట్టినా ఏడాదికి కట్టినా నెలకు పడే ధర అదే. మిగతా కంపెనీల్లో చాలావాటికి మొదటి రెండేళ్లు చవగ్గా ఉండి, రెన్యువల్‌కు ధర ఎగబాకుతుంది. ముల్వాడ్‌తో సినిమాల సైట్లు మాత్రం తరచూ మొరాయిస్తాయి. ఇంటిల్లిపాదీ వాడాలి, రకరకాల దేశాల సర్వర్లు కావాలి అంటే ప్రోటాన్ పెయిడ్ ప్లాన్ మేలు. దేనికైనా మొదట ఒక్క నెలకే కట్టండి. గూగుల్ అంతటి కంపెనీ కూడా గూగుల్ వన్ వీపీఎన్‌ను 2024లో మూసేసింది. మూడేళ్ల డబ్బు ముందే ఎందుకు ఇవ్వాలి?

సొంత సర్వర్, ఇంటి సర్వర్

ఐటీలో పనిచేసే కుర్రాళ్లు చాలామంది, కంపెనీలెందుకు, క్లౌడ్‌లో నెలకు నాలుగైదు డాలర్ల అద్దె సర్వర్ తీసుకుని వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేర్ మనమే వేసుకోవచ్చు కదా అంటారు. వేసుకోవచ్చు. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లోనే క్లౌడ్ రీజియన్ తెరిచింది, వేగానికి లోటుండదు. హోటల్, హాస్టల్ వైఫై నుంచి కాపాడుకోవడానికి ఇది చక్కటి దారి.

కానీ అజ్ఞాతంగా ఉండటానికి ఇది పనికిరాదు. వీపీఎన్ కంపెనీ సర్వర్ నుంచి వందలమంది ఒకే ఐపీతో బయటికి వస్తారు, ఆ గుంపులో మీరొకరు. సొంత సర్వర్ నుంచి వచ్చేది మీరొక్కరే, దాని బిల్లు మీ కార్డు మీద ఉంది. పైగా పైన చెప్పిన 5 ఏళ్ల నిబంధన క్లౌడ్, వీపీఎస్ (ఇలా సర్వర్లు అద్దెకిచ్చే) కంపెనీలకూ వర్తిస్తుంది. ఈ సంగతి మరిచిపోయి చాలామంది పొరపడతారు.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు మాత్రం ఇంకో దారి బాగా నచ్చుతుంది. డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉంటే మన ప్రభుత్వ వెబ్‌సైట్లు కొన్ని తెరుచుకోవు, బయటి దేశాల ఐపీలను అవి ఆపేస్తాయి. అలాంటప్పుడు గుంటూరులో అమ్మానాన్నల ఇంట్లో ఉన్న పాత లాప్‌టాప్‌లోనో ఫోన్‌లోనో టెయిల్‌స్కేల్ అనే యాప్ వేసి, దాన్ని ఎగ్జిట్ నోడ్‌గా (మీ డేటా ఇంటర్నెట్‌లోకి బయటపడే చోటుగా) పెడితే సరి. వరంగల్ ఆయన స్థానంలో మీ నాన్నగారే ఉంటారు. మన దగ్గర చాలా కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ ఉండదు, ఒకే ఐపీని ఎందరికో పంచుతారు. మామూలు ఇంటి సర్వర్ అక్కడే ఆగిపోతుంది. టెయిల్‌స్కేల్ దాన్ని కూడా దాటుకుని కలుపుతుంది, సొంత వాడకానికి ఉచితం. ఊళ్లో కరెంటు పోతే అమెరికాలో మీకు సైటు పోతుంది, అంతే.

ఆఫీసు లాప్‌టాప్‌లోని ఎనీకనెక్ట్, గ్లోబల్ ప్రొటెక్ట్ లాంటి ఆఫీసు వీపీఎన్‌ల గురించి ఒక్క మాట. అవి ఆఫీసును కాపాడటానికి పెట్టినవి, మిమ్మల్ని ఆఫీసు నుంచి కాపాడటానికి కాదు. సొంత పనులు అందులో చేయకండి.

ప్రాణాల మీదికి వచ్చేంత రహస్యం ఉన్న పాత్రికేయులకు, ఉద్యమకారులకు ఏ ఒక్క కంపెనీ మాటా సరిపోదు. మూడు చేతులు మారుతూ, అంటే మూడు వేర్వేరు సర్వర్ల గుండా వెళ్లే టోర్ నెట్‌వర్కు వాడాలి, అది నెమ్మదిగా ఉన్నా సరే.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు

దుబాయ్‌లో పనిచేసే మా బావ ఒకరోజు అడిగాడు, "ఇక్కడ వాట్సాప్ కాల్ కలవదు, అందరూ ఫ్రీ వీపీఎన్‌తో మాట్లాడుతున్నారు, నేనూ వేసుకోనా?" అని. "వద్దు బావా" అన్నాను. యూఏఈలో వీపీఎన్ ఉండటమే నేరం కాదు. కానీ నేరం చేయడానికో, చేసింది దాచడానికో ఐపీ అడ్రసు మార్చితే 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల దాకా జరిమానా, జైలు కూడా పడవచ్చని అక్కడి 2021 నాటి సైబర్ నేరాల చట్టం చెబుతోంది. ఆపేసిన కాల్ సేవను వాడటం దేని కిందికి వస్తుందో తేల్చేది అక్కడి అధికారులు. కరీంనగర్ నుంచో కోనసీమ నుంచో అప్పు చేసి వెళ్లిన మనిషికి ఆ టెన్షన్ ఎందుకు? అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్‌తో ఇంటికి మాట్లాడుకోవడమే మంచిది.

కొన్నాక చూసుకోవాల్సినవి

యాప్ సెట్టింగ్స్‌లో ప్రోటోకాల్ (పెద్ద పెట్టె కట్టే పద్ధతి) అని ఉంటుంది. వైర్‌గార్డ్ ఉంటే అదే పెట్టుకోండి. దాని కోడ్ సుమారు 4 వేల లైన్లు మాత్రమే, తప్పులు వెతకడం సులువు. 2020లో దాన్ని లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్‌లోకే చేర్చారు. సాధారణంగా వేగంగా నడుస్తుంది, బ్యాటరీ తక్కువ తింటుంది. వైఫై వైర్‌గార్డ్‌ను ఆపేస్తుంటే ఓపెన్‌వీపీఎన్ అనే ఇంకో ప్రోటోకాల్ ఉంటే, దాన్ని టీసీపీ అనే ఆప్షన్ మీద పెట్టి చూడండి. పీపీటీపీ అన్న పాత ప్రోటోకాల్ పేరు కనిపిస్తే ఆ సేవనే వదిలేయండి, దాని తాళం 2012లోనే విరిగిపోయింది.

వీపీఎన్ మధ్యలో తెగిపోతే ఫోన్ చప్పుడు చేయకుండా మామూలు దారిలోకి వచ్చేస్తుంది. ఆండ్రాయిడ్‌లో వీపీఎన్ పేరు పక్కనున్న గేర్ గుర్తు నొక్కి, ఎప్పుడూ ఆన్‌లో ఉంచేదీ, వీపీఎన్ లేకుండా కనెక్షన్ ఆపేసేదీ, రెండూ ఆన్ చేయండి. తర్వాత 'నా ఐపీ అడ్రసు ఎంత' అని చూపే సైటు ఒకసారి వీపీఎన్ లేకుండా, ఒకసారి వేసుకుని తెరవండి. ఐపీవీ4, ఐపీవీ6 (ఐపీ అడ్రసుల్లో పాత రకం, కొత్త రకం) రెండు వరుసలూ మారాలి. మన మొబైల్ నెట్‌వర్కుల్లో ఐపీవీ6 వాడకం ఎక్కువ, లీకయ్యేది కూడా ఎక్కువగా అక్కడే. వీపీఎన్ వేసుకున్నాక కూడా ఆ రెండో వరుసలో మీ ఇంటర్నెట్ కంపెనీ పేరే కనిపిస్తుంటే, డబ్బు వాపసు గడువు దాటకముందే రద్దు చేసేయండి.